వారానికి ఒకసారి కీ

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న కలుసుకున్నప్పుడల్లా మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఇది. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి ఇంతకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ పాత గడియారాల సంగతి ఓ అరగంట చెప్పండి" అన్నారు. గడియారాల మనిషి అరగంట అంటే అరగంటే మాట్లాడాలి కదా. అందుకే కాగితం మీద రాసుకుని వచ్చాను.

నా దగ్గర పదకొండు గడియారాలు ఉన్నాయి. అన్నీ కీ ఇచ్చి నడిపించేవే. సెల్లు వేసేది ఒక్కటీ లేదు. ఏ రెండూ సరిగ్గా ఒకే టైము చూపవు. "ఇంట్లో పదకొండు గడియారాలున్నాయి గాని, టైము కావాలంటే సెల్‌ఫోనే చూసుకోవాలి" అని మా ఇంటామె వచ్చినవారందరికీ చెబుతుంది. ఆమె మాటలో అబద్ధం లేదు. మరి ఎందుకు పోగుచేసినట్లు? ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే.

ముందుగా ఇవి ఏ గడియారాలో చెప్పాలి. వీటిని మాంటెల్ క్లాకులంటారు. చలి దేశాల్లో ఇంటి గోడలోనే చలిమంటకు పొయ్యి కట్టుకుంటారు. దాని పైనుండే పలకను మాంటెల్ అంటారు. ఆ పలక మీద పెట్టుకునేది కనుక ఆ పేరు. చిత్తూరు ఎండలకు గోడలో పొయ్యి ఎవరికి కావాలి? కాబట్టి మన ఇళ్ళల్లో ఇవి గోడ గూట్లోనో, బీరువా మీదో, రేడియో పక్కనో కూర్చున్నాయి. మధ్యలో గుండ్రంగా లేచి, రెండు పక్కలా వాలుగా దిగే చెక్కపెట్టె మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. దాన్ని దొరలు నెపోలియన్ టోపీ అన్నారు. మా అమ్మ నెపోలియన్‌ను ఎరుగదు. ఆమెకు అది ఎద్దు మూపురంలా కనిపించింది. మా ఇంట్లో దాని పేరు మూపురం గడియారం.

మన వైపుకు ఇవి ఎలా వచ్చాయంటే, ముఖ్యంగా రైలు వెంట, గనుల వెంట వచ్చాయి. జిల్లా 1911లో ఏర్పడక ముందే, 1890ల నాటికి పాకాల మీదుగా మీటర్‌గేజి రైళ్ళు నడుస్తున్నాయి. రైల్వేలో దొరలు, ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు. కుప్పానికి అవతల కోలారు బంగారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఇంగ్లీషువాళ్ళు బంగళాలు కట్టుకున్నారు. మన వైపు నుంచి వేలమంది అక్కడికి కూలికి పోయారు. వాళ్ళు సీమకు తిరిగి వెళ్ళేటప్పుడు కుర్చీలు, బల్లలు, గడియారాలు ఉన్నచోటనే అమ్ముకుని వెళ్ళారు. మద్రాసులో 1849 నుంచి ఉన్న పి. ఆర్ అండ్ సన్స్ వంటి పెద్ద అంగళ్ళలో కొత్తవి దొరికేవి గాని, గుమాస్తా జీతగాడు ఆ మెట్లు ఎక్కేవాడు కాదు. మనవాళ్ళకు అందినవి చాలావరకు చేతులు మారి వచ్చినవే.

మా నాయన పాకాల జంక్షనులో బుకింగ్ గుమాస్తా. 1949లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఊరు విడిచి వెళ్తూ సామాను అమ్ముతుంటే, ముప్పై అయిదు రూపాయలిచ్చి ఈ మూపురం గడియారం కొన్నాడు. అది దాదాపు అర నెల జీతం. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదట. జర్మనీలోని జుంగాన్స్ కంపెనీ వారిది. 1861లో ష్రాంబెర్గ్ అనే ఊళ్ళో పుట్టి, 1900 తర్వాత ప్రపంచంలోకెల్లా పెద్ద గడియారాల కంపెనీ అయింది. ఎనిమిది కోణాల నక్షత్రం, మధ్యలో జె అక్షరం వారి గుర్తు.

ఆదివారం ఉదయం పది గంటలకు నాయన స్నానం చేసి, తలుపు తీసి, గడియారానికి కీ ఇచ్చేవాడు. రెండు రంధ్రాలు. ఒకటి నడకకు, ఒకటి గంట కొట్టడానికి. ఒక్కోదానికి పద్నాలుగు తిప్పులు. మేము అన్నదమ్ములం పక్కన నిలబడి లెక్కపెట్టేవాళ్ళం. స్టేషన్లకు రోజూ సాయంత్రం నాలుగు గంటలకు సరైన సమయం అందేది. నాయన ఆ టైముకు తన జేబు గడియారం సరిచేసుకుని, ఇంటికొచ్చి దీన్ని సరిచూసేవాడు. వారానికి నిమిషం తేడా వస్తే మనసు చివుక్కుమనేది ఆయనకు.

ఇప్పుడు గడియారం లోపలి సంగతి రెండు మాటలు. కీ తిప్పితే లోపల ఒక పొడుగాటి ఉక్కు కమాను చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తోస్తుంది. వదిలేస్తే చక్రాలు బుర్రున తిరిగి నిమిషంలో ఆగిపోతాయి. అందుకని చివరి చక్రానికి అడ్డంగా ఒక కొక్కెం ఉంటుంది. లోలకం ఊగినప్పుడల్లా ఆ కొక్కెం ఒక్క పన్ను మాత్రమే వదులుతుంది. పన్ను వచ్చి కొక్కేనికి తగిలిన చప్పుడే మనం వినే టిక్. అంటే గడియారం చేసే పనల్లా బలాన్ని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టడం. మొదటి తేదీన వచ్చిన పెన్షనును నెలాఖరుదాకా లాగే మనకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు.

వీటిలో ఎక్కువ భాగం ఎనిమిది రోజుల గడియారాలు. ఏడు రోజులకు ఒకసారి కీ ఇవ్వాలి, ఎనిమిదో రోజు మరపుకు వదిలిన గడువు. గంటలు, అరగంటలు రెండూ కొట్టే గడియారం రోజుకు 180 దెబ్బలు కొడుతుంది. లెక్క వేసుకోండి: ఒకటి నుంచి పన్నెండుదాకా కూడితే 78, రెండు పూటలకు 156, అరగంటలు 24. మూడు రంధ్రాలున్నవి ఇంకా ఖరీదైనవి. అవి పావుగంటకోసారి పాట కూడా పాడతాయి. ఆ పాట 1793లో కేంబ్రిడ్జిలోని ఒక చర్చి గంటలకోసం కట్టింది. 1859లో లండన్ పార్లమెంటు గోపురానికి ఎక్కి లోకమంతా పాకింది.

మనకు సమయం లెక్క దొరలు నేర్పిందేమీ కాదు. గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నెను నీళ్ళలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం గడియ, అంటే 24 నిమిషాలు. అరవై గడియలు ఒక రోజు. ఏడున్నర గడియలు ఒక జాము. ఆ గిన్నె మునిగినప్పుడల్లా ఒక మనిషి దాన్ని తీసి మళ్ళీ నీటి మీద పెట్టాలి. మనిషి కునుకు తీస్తే కాలం లెక్క తప్పుతుంది. కీ గడియారంలోనూ అంతే. మనిషి లేకపోతే అది లేదు. కాకపోతే గడియకోసారి లేవనక్కరలేదు, వారానికోసారి లేస్తే చాలు.

1906కు ముందు మన రైళ్ళు మద్రాసు కాలమానం మీద నడిచేవి. ఆ తర్వాత దేశానికంతటికీ ఒకే కాలమానం వచ్చింది. అది మన కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి లెక్కవేసింది. చిత్తూరు దానికి పడమరగా ఉంది కనుక, మన నెత్తి మీదికి సూర్యుడు సగటున 13 నిమిషాలకు పైగా ఆలస్యంగా వస్తాడు. నా గడియారం అయిదు నిమిషాలు వెనకబడితే, "ఇది చిత్తూరు టైముకు దగ్గరలోనే ఉంది" అని మా ఇంటామెకు సమాధానం చెబుతుంటాను. ఆమె ఒప్పుకోదు.

మీలో చాలామంది హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం చూసే ఉంటారు. కుక్ అండ్ కెల్వీ వారి పేరున్న ఆ గడియారంలో గడ్డం మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. జనం బెంచీల మీద కూర్చుని దానికోసం ఎదురుచూస్తారు. చేతికి గడియారం, జేబులో ఫోను ఉన్నవాళ్ళే అందరూ. టైము తెలుసుకోవడానికి కాదు గదా అక్కడ కూర్చునేది! ఒక పని జరుగుతుంటే కళ్ళారా చూడటానికి. పాత గడియారంలో ఉన్న మొదటి ఆకర్షణ ఇదే. దాని పని కనిపిస్తుంది, వినిపిస్తుంది, చెడితే ఎక్కడ చెడిందో వెతికి పట్టుకోవచ్చు.

ఒకప్పుడు మన జిల్లాలో ఉండిన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారిని గురించి ఒక సంగతి ఉంది. ఆయన తండ్రి కూడా మనవాడే, రెవెన్యూ శాఖలో పనిచేసి 1907లో పదవీ విరమణ చేశాడు. బడిలో మందకొడి అనిపించుకున్న ఆ పిల్లవాడు ఒకనాడు గడియారం ఊడదీసి, మళ్ళీ బిగించేదాకా బడికి పోనని, అన్నం కూడా తిననని కూర్చున్నాడట. బిగించాడు కూడా. నాకు అంత తెలివి లేదు. నేను ఊడదీసిన మొదటి గడియారంలో బిగించాక రెండు మరలు మిగిలిపోయాయి.

నేను చేసిన తప్పులు కొన్ని చెబుతాను, మీ ఇంట్లో పాతది ఉంటే పనికొస్తాయి. మొదటిది, కొబ్బరినూనె వేయకండి. నేను వేశాను. ఎండాకాలం బాగానే నడిచింది. ధనుర్మాసం చలికి నూనె పేరుకుని తెల్లవారుజామున ఆగేది. ఎండెక్కాక తడితే నడిచేది. ఇదేదో దయ్యమని మా పక్కింటివారు అనుకున్నారు. గడియారం నూనె వేరే ఉంటుంది, సూది మొనతో ఒక్క చుక్క చాలు.

రెండోది, కమాను బిగిసి ఉండగా లోపలి రేకులు విప్పకండి. విడిచిపెట్టిన కమాను కత్తిలా తెగ్గొడుతుంది. నా చూపుడువేలి మీది మచ్చ దాని గుర్తే. మూడోది, ముల్లు వెనక్కు తిప్పకండి. ముందుకే తిప్పి, గంట కొట్టే చోటల్లా ఆగి, కొట్టడం ముగిశాక ముందుకు జరపండి. నాలుగోది, టిక్కుకు టాక్కుకు మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. కుంటుతున్నట్లు వినిపిస్తే ఒక పక్క కింద మడిచిన పోస్టుకార్డు ముక్క పెట్టి చూడండి. సగం జబ్బులు దానితోనే నయమవుతాయి. అయిదోది, ఎండాకాలంలో వెనకబడితే కంగారు పడకండి. వేడికి లోలకం కడ్డీ సాగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇత్తడి కడ్డీకి రోజుకు సుమారు 8 సెకన్ల వెనకబాటు సహజం. లోలకం అడుగునున్న చిన్న నట్టు బిగించి కొంచెం పైకి లేపితే సరి. చివరిది, చీకట్లో మెరిసే అంకెలున్న పాత టైంపీసులుంటే ఆ రంగును గోకకండి. వాటిలో కొన్నింటికి రేడియం పూశారు.

కొనేటప్పుడూ జాగ్రత్త కావాలి. కారైకుడి పాతసామాన్ల అంగళ్ళలో, బెంగుళూరు ఆదివారం సంతలో, చెన్నైలో వెతుక్కోవచ్చు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఒక పెద్ద నగరంలో ఒక వ్యాపారి నాకు "అసలు సిసలు జర్మనీ సరుకు" అని పన్నెండు వేలకు ఒకటి అంటగట్టాడు. ఇంటికొచ్చి తెరిస్తే పెట్టె ఒకరిది, యంత్రం మరొకరిది, ముఖం మీద కొత్తగా అచ్చువేసిన కాగితం. కాబట్టి వెనక తలుపు తీసి చూడనిదే డబ్బు తీయకండి. యంత్రం మీద గుర్తు, పెట్టెలో మరల రంధ్రాలు ఒకదానికొకటి కుదురుతున్నాయా చూడండి. ఇది లాభానికి చేసే పని కాదని కూడా మనవి చేస్తున్నాను. పెన్షను డబ్బు పెరగాలంటే పోస్టాఫీసు ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నాయన గడియారం నా పదకొండింటిలో లేదు.

1987లో నాయనకు చేతులు వణకడం మొదలైంది. కీ తిప్పలేకపోయేవాడు. "ఆదివారం ఆదివారం వచ్చి కీ ఇచ్చిపోరా" అని నన్ను అడిగాడు. చిత్తూరు నుంచి పాకాల ఎంతో దూరం కాదు. నాకు ఆఫీసు, పిల్లలు, పరీక్షలు. రెండు మూడు వారాలు వెళ్ళాను. తర్వాత ఒకనాడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సెల్లు గడియారాల్లో ఒకటి కొని తీసుకుపోయి గోడకు తగిలించాను. "ఇంక కీ బాధ లేదు నాయనా" అన్నాను. ఆయన చూసి, "బాగుంది" అన్నాడు. పాతది అటక మీదికి ఎక్కించాను. అది 1991లో ఆయన పోయేదాకా దిగలేదని నేను అనుకున్నాను.

1998లో పాకాల ఇల్లు అమ్మేటప్పుడు మా అన్న ఆ గడియారాన్ని పాతసామాన్లవాడికి రెండు వందలకు ఇచ్చేశాడని తెలిసింది. నాకు కోపం వచ్చింది. నాయన అర నెల జీతం పోసి కొన్న వస్తువును తూకానికి వేసినట్లు ఇచ్చేస్తాడా అని. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే క్షేమమా అంటే క్షేమం అనుకోవడం తప్ప, పదేళ్ళు మేము సరిగ్గా మాట్లాడుకోలేదు.

2008లో రిటైరయ్యాక నేను గడియారాలు వెతకడం మొదలుపెట్టింది నిజానికి దానికోసమే. అద్దానికి కింది మూలన చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, చిన్నప్పుడు నా బంతి తగిలి. అది కనిపిస్తుందేమోనని. కనిపించలేదు గాని అలాంటిదే ఒకటి కె.జి.ఎఫ్. నుంచి వచ్చింది దొరికింది. దానికి కీ లేదు. నేను నాలుగు అంగళ్ళు తిరిగి వచ్చి కూర్చుంటే, మా ఇంటామె కుట్టుమిషను సొరుగు వెతికి, "ఇది సరిపోతుందేమో చూడండి" అని ఒక కీ తెచ్చింది. సరిపోయింది. చేతిలోకి తీసుకున్నాక గుర్తుపట్టాను. అది నాయన కీ. అటక ఎక్కించిన రోజు, పోకుండా ఉంటుందని నేనే జేబులో వేసుకుని వచ్చాను. ఇరవై ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది.

మరుసటి ఆదివారం తిరుపతిలో అన్న ఇంటికి వెళ్ళి కీ చూపించాను. ఆయన కాసేపు చూసి అన్నాడు: "నాయన అడిగితే నేను అటక దించి తుడిచి పెట్టినాను రా. కీ ఇద్దామంటే కీ లేదు. ఇల్లంతా వెతికినాం. నిన్నడిగితే చూస్తాలే అన్నావు. కీ నువ్వు పెట్టుకోని, గడియారం అమ్మినానని నా మీద అలిగితే ఎట్లా?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళు ఆ గడియారం నడవకుండా నాయన కళ్ళెదుట ఉండిందన్నమాట. అన్న అడిగినట్లు నాకు జ్ఞాపకం కూడా లేదు.

కె.జి.ఎఫ్. గడియారాన్ని, ఆ కీతో సహా, అన్నకు ఇచ్చేశాను. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటింది, ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి. ఆదివారం పది గంటలకు ఆయన మనవరాలు కీ ఇస్తుంది, ఆయన పక్కన కూర్చుని పద్నాలుగు లెక్కపెడతాడు. అయ్యాక నాకు ఫోను చేస్తాడు. ఆ ఫోను రాకపోతే నేను చేస్తాను. మిగిలిన పదకొండింటికి ఇక్కడ నేను కీ ఇస్తాను. దానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. రిటైరైన మనిషికి, ఫలానా రోజున ఫలానా పని నువ్వు చేయకపోతే ఆగిపోతుంది అని చెప్పేది ఒకటి ఇంట్లో ఉండటం మంచిదని నా అనుభవం. సెల్లు గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుందట. నెలకు పదిహేను సెకన్లు కూడా తేడా రాదు. చాలా గొప్పది. దానికి నాతో పని లేదు, అంతే.

హెచ్.ఎం.టి. వాచీల ఫ్యాక్టరీల మూతకు 2016లో నిర్ణయం జరిగింది. బజారులో పాత రిపేరు పెట్టెలు ఒకటొకటిగా లేచిపోతున్నాయి. నేర్చుకునే కుర్రవాళ్ళు తక్కువ. నా తర్వాత ఈ పదకొండూ ఎవరు చూస్తారో చెప్పలేను. మా మనవడు ఒకదానికి కీ ఇవ్వడం నేర్చుకున్నాడు. ప్రస్తుతానికి ఒకటి చాలు.

ముగించే ముందు రెండు మనవులు. మీ ఇంట్లో అటక మీద పాత గడియారం ఉంటే, అమ్ముకున్నా ఉంచుకున్నా మీ ఇష్టం గాని, కీని మాత్రం దారం వేసి దాని వెనకే కట్టి పెట్టండి. రెండోది, మాతో వచ్చిన పిల్లలకు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా చిన్న పని ఆదివారం వచ్చి చేసిపొమ్మంటే, దానికి బదులుగా కొత్త వస్తువు కొనిపెట్టకండి. వచ్చి ఆ పనే చేసిపొండి.

అరగంట అయింది. సెలవు.